ఫోర్డ్స్ థియేటర్‌కి అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. మే నెలలో అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. నాన్నగారు వయసులో ఉండగా పద్యనాటకాలు వేసినవారు, లింకన్‌ను కాల్చిన నాటకశాల చూడాలని ఇండియాలో ఉండగానే చెప్పి పెట్టారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వాషింగ్టన్‌లో ఒక్క పగలు మాత్రమే ఉంటారు. ఫోర్డ్స్ థియేటర్‌కి ఎంత టైమ్ పెట్టుకోవాలి, టికెట్ ఎలా తీసుకోవాలి, సాయంత్రం అక్కడే నాటకం కూడా చూడొచ్చా, అసలు అంత దూరం వచ్చి చూడదగ్గదేనా?

చూడదగ్గదే, సందేహం లేదు. వారం మధ్యలో ఒక రోజు చూసుకుని, ఉదయం మొదటి స్లాట్లలో ఒకదానికి ఆన్‌లైన్‌లో ముందే టికెట్లు తీసుకోండి. కింద మ్యూజియం, పైన థియేటర్ హాలు, రోడ్డుకి అవతల లింకన్ ప్రాణం విడిచిన పీటర్సన్ హౌస్, మూడూ కలిపి రెండున్నర గంటలు పడుతుంది. టికెట్ కొనే ముందు అందులో థియేటర్ హాలు ఉందో లేదో చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నాటకం సంగతి చివర్లో చెప్తాను.

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. ఇక్కడి తెలుగు సంఘాల వేదికల మీద నాటకాలు వేయించడం నా వ్యాపకం. ఇంటికి ఎవరొచ్చినా ఫోర్డ్స్ థియేటర్‌కి తీసుకెళ్లే డ్యూటీ నాదే కాబట్టి, అక్కడ పెద్దవాళ్లు ఎక్కడ అలసిపోతారో, ఎక్కడ కదలమన్నా కదలరో బాగా తెలుసు.

టికెట్ గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, ఇది తాళం వేసి చూపించే పాత భవనం కాదు. ఈరోజుకీ నాటకాలు ఆడుతున్న థియేటర్. భవనం నేషనల్ పార్క్ సర్వీస్‌ది, నాటకాలు నడిపేది ఫోర్డ్స్ థియేటర్ సొసైటీ. మధ్యాహ్నం షో ఉన్నప్పుడు, రిహార్సల్స్ నడుస్తున్నప్పుడు, స్టేజీ మీద కొత్త సెట్ వేస్తున్నప్పుడు హాల్లోకి సందర్శకులను పంపరు. అలాంటి వేళల్లో మ్యూజియం వరకే టికెట్ అమ్ముతారు, ఆ సంగతి టికెట్ వివరాల్లో రాసే ఉంటుంది. కానీ తొందరలో టైమ్ చూసి బటన్ నొక్కేస్తాం కదా. మాకు తెలిసిన ఒక కుటుంబం షార్లెట్ నుంచి కారులో వచ్చి, లింకన్ కూర్చున్న బాక్స్ (స్టేజీ పక్కన పైన ఉండే ప్రత్యేక సీట్ల గది) చూడకుండానే వెనక్కి వెళ్లింది. మీ నాన్నగారు వచ్చేదే ఆ హాలు కోసం. కాబట్టి వివరాల్లో మూడు కనిపించాలి: మ్యూజియం, థియేటర్, పీటర్సన్ హౌస్. వీటితో పాటు రేంజర్ టాక్ కూడా ఉన్న స్లాట్ దొరికితే ఇక వెతక్కండి, అదే తీసుకోండి. పార్క్ రేంజర్ ఒకరు స్టేజీ ముందు నిలబడి ఆ రాత్రి ఏం జరిగిందో కథలా చెప్తారు, మనం ప్రేక్షకుల సీట్లలో కూర్చుని వింటాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది విశ్రాంతి కూడా.

టికెట్ ధర పెద్ద లెక్కలోది కాదు, కొద్ది డాలర్లే. మారుతూ ఉంటుంది కాబట్టి అంకె చెప్పను, ఫోర్డ్స్ థియేటర్ వెబ్‌సైట్‌లో చూడండి. అదే రోజు కౌంటర్ దగ్గర దొరుకుతాయేమోనని ఆశ పెట్టుకోకండి. మార్చి నుంచి జూన్ దాకా అమెరికా నలుమూలల నుంచీ స్కూలు పిల్లలు బస్సుల్లో దిగుతారు. మేలో మీరొస్తే వాళ్లతోనే పోటీ. కొనేటప్పుడే పీటర్సన్ హౌస్ తెరిచి ఉందా, మరమ్మతులేమైనా జరుగుతున్నాయా అన్నది కూడా చూడండి. పాత ఇల్లు, అప్పుడప్పుడు మూసి పని చేస్తుంటారు.

ఇక వెళ్లే ముందు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. అక్కడ చెప్పేదీ రాసి ఉండేదీ అంతా ఇంగ్లీషులోనే. తెలుగులో ఏమీ దొరకదు. అమెరికన్ యాసలో రేంజర్ గబగబా చెప్పుకుపోతుంటే మనం పక్కన గుసగుసగా అనువాదం చేయడం కుదిరే పని కాదు, ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. అందుకే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర కథంతా తెలుగులో చెప్పేయండి. ఒక ఇరవై నిమిషాలు చాలు. నేను చెప్పే కథ ఇలా ఉంటుంది.

1865 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే. అంతర్యుద్ధం దాదాపు ముగిసింది, దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయి ఐదు రోజులైంది. ఆ రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో 'అవర్ అమెరికన్ కజిన్' అనే హాస్యనాటకం, ప్రధాన నటి లారా కీన్. ప్రెసిడెంట్ వస్తున్నారు. ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్ దంపతులు కూడా రావాల్సింది, మానుకున్నారు. వాళ్లకి బదులు మేజర్ రాత్‌బోన్, ఆయనకు కాబోయే భార్య క్లారా హారిస్ వచ్చారు. కాల్చినవాడు జాన్ విల్క్స్ బూత్, అప్పటికే పేరుపొందిన నటుడు. ఈ థియేటర్‌లో నటించినవాడు, తన ఉత్తరాలు కూడా ఇక్కడికే తెప్పించుకునేవాడు. ఆ పగలు ఉత్తరాల కోసం వచ్చినప్పుడే లింకన్ వస్తున్నాడని తెలిసింది. థియేటర్‌లో ప్రతి మెట్టూ, ప్రతి తలుపూ వాడికి తెలుసు. నాటకం కూడా తెలుసు. ఎక్కడ జనం పగలబడి నవ్వుతారో, ఆ క్షణంలో స్టేజీ మీద ఎంతమంది ఉంటారో లెక్క వేసుకున్నాడు. రాత్రి పది దాటాక, హ్యారీ హాక్ అనే నటుడు ఒక్కడే స్టేజీ మీద ఉండి, జనం బాగా నవ్వే డైలాగు చెప్పగానే కాల్చాడు.

మీ నాన్నగారు నాటకాల మనిషి కదా, ఇక్కడ ఆగి ఇంకొంచెం వివరంగా చెప్పండి. హత్యకి క్యూ (ఎప్పుడు కదలాలో చెప్పే సంకేతం) తీసుకున్నది నాటకంలోంచే. బాక్స్‌కి వెళ్లే బయటి తలుపు ఎవరూ తెరవకుండా లోపలి నుంచి ఒక కర్రముక్క అడ్డం పెట్టాడు. కాల్చాక రాత్‌బోన్‌ను కత్తితో పొడిచి, బాక్స్ మీంచి దాదాపు 12 అడుగుల కిందకి, స్టేజీ మీదకి దూకాడు. అలంకరణకి కట్టిన జెండాలో కాలి స్పర్ (గుర్రాన్ని అదిలించడానికి బూటుకి కట్టుకునే ముల్లు) చిక్కుకుంది. కాలు విరిగింది అలా దూకినప్పుడే అంటారు, ఆ తర్వాత గుర్రం మీంచి పడినప్పుడని వాదించేవాళ్లూ ఉన్నారు. స్టేజీ అడ్డంగా దాటి, వింగ్‌లోంచి వెనక తలుపు గుండా సందులోకి వెళ్లి గుర్రమెక్కేశాడు. ప్రేక్షకుల్లో చాలామంది కొన్ని క్షణాల దాకా ఇదంతా నాటకంలో భాగమే అనుకున్నారు.

ఈ కథ తెలిసి హాల్లో కూర్చున్న మనిషికి ఎవరి వ్యాఖ్యానమూ అక్కర్లేదు. ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే కుడి పక్కన పైన జెండాలు కట్టి, మధ్యలో జార్జ్ వాషింగ్టన్ బొమ్మ పెట్టి ఉన్నదే ఆ బాక్స్. అక్కడి నుంచి స్టేజీ అంచుకి కళ్లతోనే దూరం కొలుస్తారు. మా బృందంలో తబలా వాయించే పెద్దాయన ఒకరు హాల్లో కూర్చున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చాక, "అంత ఎత్తు నుంచి మేమైతే పరుపు వేయకుండా దూకమండీ" అన్నారు.

ఆ బాక్స్‌లోకి ఎవరినీ అనుమతించరు. నాటకాలప్పుడు కూడా అది ఖాళీగానే ఉంటుంది. ఎక్కువ డబ్బులిస్తే అక్కడ కూర్చోబెడతారేమో కనుక్కోమని మా పిన్ని ఒకసారి అడిగింది. ఎంతిచ్చినా కూర్చోబెట్టరు.

ఒక విషయం ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నాన్నగారు తర్వాత ఎక్కడో చదివి చిన్నబుచ్చుకుంటారు. లోపల కనిపించే హాలు 1865 నాటిది కాదు. బయటి గోడలు పాతవే. లోపలిదంతా పాత ఫొటోలు, కొలతలు చూసి మళ్లీ కట్టి 1968లో తెరిచింది. మధ్యలో ఈ భవనం పడ్డ పాట్లు చాలా ఉన్నాయి. మొదట ఇది 1833లో కట్టిన బాప్టిస్టు చర్చి. జాన్ ఫోర్డ్ అనే నాటక వ్యాపారి 1861లో తీసుకుని థియేటర్ చేశాడు. 1862 చివర్లో కాలిపోతే మళ్లీ కట్టి 1863లో తెరిచాడు. (కార్ల ఫోర్డ్‌కీ, ప్రెసిడెంట్ ఫోర్డ్‌కీ ఈయనతో సంబంధం లేదు. దాదాపు ప్రతివాళ్లూ అడుగుతారు.) హత్య తర్వాత ఆయన్ని కూడా అనుమానించి నెలకు పైగా జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్లీ నాటకాలు మొదలుపెడదామంటే జనం తగలబెడతామని బెదిరించారు, ప్రభుత్వం మూయించింది. చివరికి ప్రభుత్వమే లక్ష డాలర్లకి కొని, లోపలంతా కూలగొట్టి మూడంతస్తుల ఆఫీసు చేసింది. 1893 జూన్ 9న కింద తవ్వకం పని జరుగుతుండగా అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు. అదే రోజు న్యూయార్క్‌లో ఎడ్విన్ బూత్ అంత్యక్రియలు. ఎడ్విన్ అంటే హంతకుడి అన్న, అమెరికా రంగస్థలం మీద తమ్ముడికన్నా ఎంతో గొప్ప నటుడు. అంతకుముందెప్పుడో రైల్వే ప్లాట్‌ఫామ్ మీద లింకన్ కొడుకు రాబర్ట్ రైలు కింద పడబోతుంటే కాలర్ పట్టుకుని లాగి కాపాడింది కూడా ఈయనే. ఇలాంటి కథ మనం నాటకంలో రాస్తే మరీ కల్పించారంటారు.

ఇంకొక మనిషి కథ కూడా నాన్నగారికి చెప్పండి. నెడ్ స్పాంగ్లర్ అని, తెరలు లాగే, సెట్లు మార్చే పనివాడు. ఆ రాత్రి బూత్ వెనక సందులోకి వచ్చి గుర్రాన్ని పట్టుకొమ్మని పిలిచాడు. సీన్లు మార్చే పనిలో ఉన్న స్పాంగ్లర్ ఆ పనిని ఒక కుర్రాడికి అప్పజెప్పాడు. దానికి ఆరేళ్ల శిక్ష వేశారు. 1869లో క్షమాభిక్ష దొరికింది. స్టేజీ వెనక పనిచేసిన ఎవరికైనా ఈయన గురించి వింటే కడుపులో దేవినట్టవుతుంది.

మ్యూజియం విషయానికొస్తే, అది నేల కింద అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ ఉంది, ముందే అడగండి. లోపల లింకన్ వాషింగ్టన్‌కి వచ్చినప్పటి నుంచి హత్య దాకా వరసగా చూపిస్తారు. మొదటి సగం యుద్ధం, మంత్రివర్గం, రాజకీయం. పెద్దవాళ్లు అక్కడ ప్రతి బోర్డూ చదువుతూ కూర్చుంటే చివరికి కాళ్లు పట్టేస్తాయి. మొదటి సగం త్వరగా దాటించి ఓపిక చివరి గదులకి దాచండి. బూత్ వాడిన డెరింజర్ పిస్తోలు, పారిపోతూ రాసుకున్న డైరీ అక్కడ ఉన్నాయి. పిస్తోలు అరచేతిలో ఇమిడిపోతుంది, ఒక్కటే తూటా పడుతుంది. సినిమాల్లో చూసే రివాల్వర్‌ను ఊహించుకుని వెళ్లినవాళ్లంతా అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు, ఇంతేనా అని.

తర్వాత రోడ్డు దాటి పీటర్సన్ హౌస్. అది అద్దెకిచ్చే ఇల్లు. థియేటర్‌లో లింకన్‌ను మొదట చూసిన డాక్టర్ చార్లెస్ లీల్‌కి అప్పుడు 23 ఏళ్లు. వైట్ హౌస్ దాకా బండిలో తీసుకెళ్తే దారిలోనే ప్రాణం పోతుందని ఎదురింట్లోకి మోయించారు. లింకన్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి, మంచం చాలక ఐమూలగా పడుకోబెట్టాల్సి వచ్చింది. మర్నాడు ఉదయం 7:22కి అక్కడే చనిపోయాడు. వెనక గది చాలా ఇరుకు. ఆ రాత్రంతా అందులో డాక్టర్లు, మంత్రులు వస్తూ పోతూ ఉన్నారంటే ఎలా పట్టారో అనిపిస్తుంది. అమ్మగారికి ఇబ్బంది ఇక్కడే. వీధిలోంచి మెట్లెక్కాలి, లోపల సన్నటి నడవ, వీల్‌చైర్ వెళ్లదు. రెయిలింగ్ పట్టుకుని నిదానంగా ఎక్కగలిగితే వెళ్లండి. లేదంటే ఒకరు ఆమెతో ఉండి, మరొకరు నాన్నగారితో వెళ్లిరండి. లోపల చూసేది పది నిమిషాల పనే కాబట్టి బలవంతం చేసి ఎక్కించొద్దు. పక్కనే ఉన్న భవనంలో హత్య తర్వాతి సంగతులు, బూత్ వేట, లింకన్ మీద రాసిన పుస్తకాలతో పేర్చిన 34 అడుగుల స్తంభం ఉంటాయి. మనవలుంటే ఫొటోలన్నీ అక్కడే.

అసలు వస్తువులన్నీ ఇక్కడే ఉన్నాయనుకోకండి. లింకన్ కూర్చున్న ఊగే కుర్చీ మిషిగన్‌లోని డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. చనిపోయిన మంచం షికాగోలో. తలలోంచి తీసిన తూటా సిల్వర్ స్ప్రింగ్‌లోని వైద్య మ్యూజియంలో. ఆ రాత్రి పెట్టుకున్న టోపీ మాత్రం దగ్గర్లోనే, నేషనల్ మాల్ అనే పెద్ద పచ్చిక మైదానం దగ్గరున్న అమెరికన్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

ఎడిసన్ వైపు నుంచి ఒక్కరోజు కోసం అయితే నేను కారు వద్దంటాను. రైల్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, రెడ్ లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ మెట్రో సెంటర్. అక్కడి నుంచి నాలుగడుగులు. కారులోనే రావాలంటే శివార్లలో ఏదైనా మెట్రో స్టేషన్ దగ్గర పార్క్ చేసి రండి, ఊళ్లో పార్కింగ్ రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. రైల్లో వచ్చినా కారులో వచ్చినా పెద్ద బ్యాగులు మాత్రం తేవద్దు. ద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది, సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, దాచిపెట్టే చోటు కూడా ఉండదు. తిండి కూడా లోపల కుదరదు. షుగర్ ఉన్నవాళ్లయితే లోపలికెళ్లే ముందే ఏదైనా తినిపించండి.

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అక్కడి నుంచి నిదానంగా నడిస్తే పది నిమిషాల్లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ. ప్రవేశం ఉచితం, లోపల గాజు పైకప్పు కింద విశాలమైన ఆవరణ, కూర్చోవడానికి చోటు, శుభ్రమైన బాత్‌రూములు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఆ బాత్‌రూములే సగం బలం. అన్నట్టు, 1865 మార్చిలో లింకన్ రెండోసారి ప్రమాణం చేశాక విందు నాట్యం జరిగింది ఆ భవనంలోనే, అప్పుడది పేటెంట్ ఆఫీసు. నెల తిరిగి వారం గడిచేసరికి మనిషి లేడు. ఉదయం 11:30కి గానీ తెరవరు కాబట్టి ముందు థియేటర్, తర్వాత ఇది, అన్న వరస చక్కగా సరిపోతుంది. ఓపిక మిగిలితే సాయంత్రం టాక్సీలో లింకన్ మెమోరియల్. వైట్ హౌస్, క్యాపిటల్, స్పేస్ మ్యూజియం అన్నీ అదే రోజులో ఇరికించాలని చూడకండి. మన వాళ్లు చేసే పని అదే, చివరికి ఏదీ గుర్తుండదు, మోకాళ్ల నొప్పి ఒక్కటే గుర్తుంటుంది.

సాయంత్రం నాటకం చూడాలా? షో టికెట్ వేరు, పగటి సందర్శన టికెట్ వేరు, ధరలో చాలా తేడా. నాన్నగారికి ఇంగ్లీషు డైలాగులు బాగా అందుతాయనుకుంటే తప్పకుండా చూపించండి, ఆ బాక్స్ పక్కనే ఉండగా దీపాలు ఆరి తెర లేస్తుంటే కలిగే అనుభవం పగలు రాదు. అంతగా అందవనుకుంటే మాటల నాటకం వద్దు, సంగీత నాటకం ఏదైనా ఉంటే చూడండి. పాట, అభినయం, లైటింగ్ చూసి ఆనందిస్తారు. క్రిస్మస్ ముందు నెలల్లో వచ్చేవాళ్లకి 'ఎ క్రిస్మస్ కారల్' ఏటా ఆడతారు, పిల్లలకీ పెద్దలకీ బాగుంటుంది. సీటు తీసుకునేటప్పుడు స్తంభాలతో జాగ్రత్త. పాత నమూనాలోనే కట్టారు కాబట్టి బాల్కనీని మోసే స్తంభాలు కొన్ని సీట్లకి అడ్డొస్తాయి. చూపు ఆగే సీట్లని టికెట్ పేజీలో రాసి ఉంటే ఎంత చవకైనా తీసుకోకండి. బాల్కనీ అంటే మళ్లీ మెట్లే, అమ్మగారి కోసం కింద హాల్లో పక్క వరస చివరి సీట్లు చూడండి.

మీరు ఒక్క పగలే ఉంటారన్నారు కాబట్టి నా సలహా: ఎడిసన్ వెళ్లే రాత్రి రైలు, నాటకం రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. నాటకం చూడాలనుకుంటే రాత్రి ఇక్కడే బస చేయండి, లేదా నాటకం మానేయండి. మే చివరి సోమవారం మెమోరియల్ డే, ఆ వారాంతం తప్పించి తేదీ పెట్టుకోండి. తేదీ ఖరారయ్యాక ఆ రోజు మధ్యాహ్నం షో ఉందేమో క్యాలెండర్‌లో చూసి, లేకపోతేనే రైలు టికెట్లు కొనండి.